ముసురు పడితే డాబా ఎక్కాలా, ముందే ఇల్లు వదలాలా?

బంగాళాఖాతంలో లేచిన వాయుగుండం వరంగల్ దాకా వచ్చేసరికి గాలి తగ్గుతుంది, వాన తగ్గదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచితే జనం డాబాలు, చెట్లు ఎక్కారు. పడవలు, హెలికాప్టర్లు వస్తే గానీ బయటపడలేదు.

డాబా ఎక్కడం వాగుకు, నాలాకు దూరంగా ఉన్న పక్కా స్లాబు ఇంటికే సరి. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున 3 రోజుల నీళ్లు, అటుకులు, మందులు, టార్చి ముందే పైకి చేర్చాలి. నీళ్లు గడప దాటకముందే మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటర్ ఆపాలి. చాలామంది మరిచేది ఇన్వర్టర్: మెయిన్ ఆపినా అది ఇంటి వైర్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలి. తడి కాళ్లతో ఏ స్విచ్చూ ముట్టొద్దు.

పెంకుటిల్లు, మట్టిగోడ, లోతట్టు కాలనీ అయితే రెండో మాట లేదు, చీకటి పడకముందే కదలాలి. ఆలస్యమైతే ఇల్లు వదిలి వెళ్లే ఈ దారే ప్రాణం తీస్తుంది. లోలెవల్ వంతెన మీద అడుగు లోతు పారే నీళ్లు కారునే తోసేస్తాయి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ పాలిథిన్ కవర్లో చుట్టుకోండి. పశువుల తలుగులు విప్పేయండి.

బాలింత, నడవలేని పెద్దలు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉంటే స్లాబు ఇల్లయినా ముందే కదలడం మేలు. దారి మునిగాక అంబులెన్సు రావడం కుదరదు.