నెలకి ఆరొందల యాభై, ఏడేళ్లు: చిన్న విరాళాల మీద నా అనుభవం

శ్రీకాకుళంలో నాది మందుల షాపు. 2019 జనవరి నుంచి ప్రతి నెలా కొంత డబ్బు దానాలకి దానంతటదే వెళ్లిపోయేలా బ్యాంకులో పెట్టుకున్నాను. మొదట్లో ఐదు చోట్లకి తలా వంద. ఇప్పుడు మూడే చోట్లు: దెబ్బతిన్న జంతువుల్ని చేరదీసే విశాఖ సంస్థ ఒకదానికి 300, ఉద్దానం వైపు డయాలిసిస్ రోగులకి దారిఖర్చులు ఇచ్చే చిన్న ట్రస్టుకి 200, ఒక వృద్ధాశ్రమానికి 150. ఇన్నేళ్లలో మొత్తం 45 వేలు దాటింది. ఒకేసారి 45 వేలు ఇమ్మని ఎవరైనా షాపు మెట్టెక్కి ఉంటే టీ ఇప్పించి పంపించేసేవాడిని, అందులో దాపరికం లేదు.

సంస్థల పేర్లు రాయను. మీరు చూసి రాగలిగేంత దగ్గర్లో ఉన్నవాటినే ఎంచుకోవాలని నా పట్టుదల, ఎందుకో ముందు ముందు చెప్తాను.

ఇదంతా తిత్లీ వల్ల మొదలైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను మన వజ్రపుకొత్తూరు వైపే తీరం దాటింది కదా. మా అప్పని ఇచ్చింది సోంపేట దగ్గర పల్లెలో. వాళ్ల కొబ్బరితోటలో నిలబడి ఉన్న చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ వారం పదిరోజులూ జనం ఇచ్చారు చూడండి, బియ్యం, నీళ్ల ప్యాకెట్లు, దుప్పట్లు, వ్యాన్లకి వ్యాన్లు, మేమూ షాపు తరఫున ఓఆర్ఎస్ ప్యాకెట్లూ క్లోరిన్ బిళ్లలూ పట్టుకెళ్లాం. సంక్రాంతికి వెళ్లేసరికి ఒక్క వ్యానూ లేదు. పశువుల పాక కూలి కాలు దెబ్బతిన్న ఆవు మాత్రం అలాగే కుంటుతూ ఉంది. అప్ప అంది, "దుప్పట్లు నాలుగొచ్చాయిరా తమ్ముడూ, మనిషికొకటి. ఆవుకి గడ్డి మాట ఏటి?" కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి ఐదారేళ్లు. ఇచ్చేవాళ్ల జాలి పది రోజుల్లో తీరిపోయింది. తిరిగొచ్చిన వారంలోనే ఐదు చోట్లకి ఫారాలు నింపేశాను, ఆవేశంలో, ఏదీ సరిగ్గా చూడకుండా.

మా అమ్మకి ఈ పద్ధతి ఇప్పటికీ నచ్చదు. ఆవిడకి వంటింట్లో ఒక బియ్యం డబ్బా ఉంది, అన్నం వండే ముందు ఒక పిడికెడు అందులో వేస్తుంది. ధనుర్మాసంలో హరిదాసు వస్తే అందులోంచి, మిగతా రోజుల్లో గుమ్మంలోకి వచ్చినవాళ్లకి అందులోంచి. లెక్కకి చూస్తే ఆవిడ చేసేదీ నేను చేసేదీ ఒకటే కదా అన్నాను ఒకసారి. "ఒకటెలాగవుద్దిరా, నీది పెట్టిన చెయ్యికే తెలీకుండా పోతంది. అది ఇచ్చినట్టా, పోయినట్టా?" అంది. నిజానికి ఆ మాటకి మొదటి రెండేళ్లూ నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఎవరికి ఎంత వెళ్తోందో నాకు నిజంగానే తెలీదు.

అది తెలిసిన తీరు కూడా సిగ్గుచేటు. 2020లో ఒక నెల స్టాక్‌కి డబ్బు కట్టేసి అకౌంట్‌లో తొంభై ఎంతో మిగిలింది. వంద రూపాయల విరాళం లాగబోయింది, డబ్బు చాల్లేదు, మాండేట్ (నెలనెలా డబ్బు లాక్కోవచ్చని నేనిచ్చిన అనుమతి) బౌన్స్ అయిందని బ్యాంకు వేసిన ఛార్జి 250, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 295. తర్వాతి నెల ఇంకోసారి. కుక్కలకి వెళ్లాల్సిన రెండొందలు వెళ్లలేదు గానీ బ్యాంకుకి మాత్రం 590 దానం చేశాను. అప్పట్నుంచీ విరాళాలకి వేరే సేవింగ్స్ అకౌంట్, అందులో ఎప్పుడూ రెండు నెలలకి సరిపడా డబ్బు. ఈ సమీక్షలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి.

రెండో దెబ్బ 2021 అక్టోబరులో. కార్డుల మీద ప్రతి నెలా వాటంతటవే కట్ అయ్యే చెల్లింపులకి రిజర్వు బ్యాంకు కొత్త నియమం అమల్లోకి వచ్చింది, ఇరవై నాలుగు గంటల ముందు మెసేజ్ రావాలి, పాత అనుమతులు మళ్లీ కొత్తగా ఇవ్వాలి. నియమం మంచిదే. కానీ నావి మూడు కార్డు మీద ఉన్నాయి, మూడూ చడీచప్పుడు లేకుండా ఆగిపోయాయి. మార్చిలో రసీదులు వెతుక్కుంటుంటే గానీ నాకు తెలీలేదు. ఆరు నెలలు! నాలాంటివాళ్లు ఎంతమంది ఒకేసారి ఆగిపోయి ఉంటారో, ఆ నెల ఆ సంస్థల్లో జీతాలు ఎలా ఇచ్చారో. మూడింటిలో ఒక్కళ్లే ఫోన్ చేశారట, నేను కొత్త నంబరనుకుని ఎత్తలేదు.

ఇప్పుడు అన్నీ యూపీఐ ఆటోపే మీదకి మార్చేశాను. ఏడేళ్లలో నాకు పూర్తిగా తృప్తినిచ్చిన మార్పు ఇదొక్కటే. ఏది ఎప్పుడు కట్ అవుతుందో ఫోన్లో కనిపిస్తుంది, ముందురోజు మెసేజ్ వస్తుంది, ఆపాలంటే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఆ మెసేజ్ వచ్చినప్పుడల్లా అమ్మకి చూపిస్తాను, ఇదిగో చెయ్యికి తెలుస్తోంది అని. ఆవిడ అద్దాలు పెట్టుకుని చదివి, ఏమీ అనదు.

బతిమాలడం అన్నాను కదా, అదొక కథ. మొదటి ఐదింటిలో ఒకటి దేశమంతా పనిచేసే పెద్ద సంస్థ, విశాఖలో ఒక మాల్‌లో ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు చేర్పించాడు. పాపం బాగానే మాట్లాడాడు. తర్వాత ప్రతి మూడు నెలలకీ ఫోన్, సార్ మీ వందని ఎనిమిది వందలు చెయ్యండి, సార్ ఈ ఒక్క పాప కోసం. ఒకసారి షాపులో ఆరుగురు నిలబడి ఉండగా చేశారు. ఆపేయండి అంటే ఒకరు ఇంకొకరికి కలపడం, ఆ ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి కథ చెప్పడం. ఇచ్చే చెయ్యిని ఇంత విసిగించాలా? ఆపేశాను. అక్కడి పని చెడ్డదని అనను, కానీ వందిచ్చేవాడికి మూడు నెలలకోసారి ఫోన్ చేస్తే ఆ వంద ఫోన్ చేసేవాళ్ల జీతానికే చాలదు కదా, నాకు ఆ లెక్క ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొకటి, వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లు. నడుం విరిగిన కుక్క ఫొటో, అర్జెంట్ అని. రెండుసార్లు ఐదొందలు పంపాను. మూడోసారి అదే కుక్క, అదే దుప్పటి, ఈసారి ఊరు వేరు. అలాగే ఒక విరాళాల యాప్‌లో వెయ్యి ఇస్తే కింద టిప్ అని దానంతటదే ఇంకో నూట ఇరవై కలిసిపోయింది, తీసేయడానికి ఉంది గానీ వెతికితేనే కనబడుతుంది.

ఇక విశాఖ సంస్థ సంగతి. మూడేళ్లు డబ్బు పంపాక, 2022లో స్టాక్ పనిమీద విశాఖ వెళ్లినప్పుడు చెప్పకుండా వెళ్లాను. గేటు దగ్గరే ఫినాయిల్ వాసన, దాని వెనక ఇంకో వాసన. మూడు కాళ్ల కుక్కలు, కళ్లు లేని పిల్లి, కడుపు నిండా ప్లాస్టిక్ మింగి ఆపరేషన్ అయిన ఎద్దు ఒకటి. పెద్ద డేగిసాలో అన్నం, కోడి కాళ్లూ మెడలూ వేసి పసుపు కలిపి ఉడికిస్తున్నారు. పురుగులు పట్టిన పుండుకి కట్టు కడుతున్న ఒకాయన చేతివైపు చూశాను, మందు మన షాపులో దొరికేదే, కానీ ఆ ఓపిక ఎక్కడా దొరకదు. లెక్కలు చూసే ఆవిడని అడిగాను, నా వంద రూపాయలు ఏమవుతున్నాయమ్మా అని. నవ్వింది. "కుక్కకి అనుకోకండి సార్. ఫినాయిల్‌కో, బియ్యం బస్తాకో, ఆటోకో పోతాయి. నడుం విరిగిన కుక్క ఫొటో పెడితే ఆ కుక్కకి డబ్బులొస్తాయి, ఒక్కోసారి దానికి కావాల్సినదానికన్నా ఎక్కువొస్తాయి. కరెంటు బిల్లు ఫొటో పెడితే ఎవరిస్తారు? అది మీలాంటోళ్ల వందలూ రెండొందలూ కడతాయి, ఐదో తారీఖుకి ఎంతొస్తుందో నాకు ముందే తెలుసు కాబట్టి."

అప్ప ఆవుకి గడ్డి మాట నాకు అక్కడ గుర్తొచ్చింది. తిరిగొచ్చాక వందని 300 చేశాను, ఎవరూ ఫోన్ చెయ్యకుండానే. దగ్గర్లో ఉన్నవాటినే ఎంచుకోమనడం ఇందుకే. వెబ్‌సైట్‌లో మీకు ఆ ఎద్దే కనిపిస్తుంది, ఫినాయిల్ డబ్బా కనబడదు.

వెళ్లలేకపోతే కనీసం నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఆ సంస్థ ఉందో లేదో చూడండి, అది మంచిదని దానర్థం కాదు, ఉందని మాత్రమే. వీధికుక్కలకి సంతాన నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నామని చెప్పేవాళ్లనైతే భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు చూపించమని అడగండి, 2023 నిబంధనల ప్రకారం అది లేకుండా ఆ పని చెయ్యకూడదు. అన్నట్టు ఆ మండలి పుట్టింది 1962లో, మన రాష్ట్రంలో పశువుల సంచార వైద్యానికి ఫోన్ చెయ్యాల్సిన నంబరూ 1962. ఆవుకో గేదెకో ఒంట్లో బాగోకపోతే ముందు దానికి చెయ్యండి, ఆ తర్వాతే విరాళాల మాట.

పన్ను మినహాయింపు కోసం అయితే ఆశ పెట్టుకోకండి. చాలా సంస్థలకి ఇచ్చినదాంట్లో సగమే లెక్కలోకి వస్తుంది, రెండు వేలు దాటిన నగదు అసలు రాదు, కొత్త పన్ను విధానంలో ఉంటే ఏదీ రాదు. నేను కొత్త విధానానికి మారిపోయాను కాబట్టి నాకు సున్నా. పాత విధానంలో ఉన్నవాళ్లు మామూలు రసీదు చాలనుకోవద్దు, సంస్థ విరాళానికి విడిగా సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక ఏడాది నా పాన్‌లో ఒక అక్షరం తప్పు పడి అది చేతికి రాలేదు, నాలుగు మెయిళ్లు పెట్టి ఊరుకున్నాను.

సముద్రపు తాబేళ్లకి మాత్రం నెలనెలా ఇవ్వను. చలికాలం చివర్లో బారువ వైపు తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ గుడ్లని రాత్రిళ్లు ఏరి కంచెలో పాతిపెట్టి కాపలా కాసేది ఎక్కువగా మత్స్యకారుల కుర్రాళ్లే, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. ఆ సీజన్‌లో ఒకసారి ఐదొందలు ఇస్తాను. అన్ని పనులకీ ఆటోపే అక్కర్లేదు.

ఇక చెప్పబుద్ధి కాకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. 2025 ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశాలొచ్చినప్పుడు షాపు ముందు రోజూ ఇదే గొడవ, పట్టుకుపోవాలని కొందరు, తిండి పెట్టాలని కొందరు. ఆ రోజుల్లోనే మా వెనక వీధి ఆవిడ కొడుకుని పట్టుకుని వచ్చింది, పిక్క మీద కాటు. ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు కడగమ్మా అని కుళాయి చూపించాను, పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లమన్నాను, రేబిస్ టీకా కండకి వేసే పద్ధతిలో అయితే 0 (అంటే మొదటిది వేసే రోజు), 3, 7, 14, 28 రోజులు, ఒక్కటీ మానకూడదని కాగితం మీద రాసిచ్చాను. నా విరాళాల సంగతి వీధిలో అందరికీ తెలుసు. వెళ్తూ అంది, "మీరు డబ్బులు పంపేది వీటికే కదన్నా."

నా దగ్గర జవాబుంది. ఊళ్లో డెబ్భై శాతం కుక్కలకి టీకా పడితే రేబిస్ ఆగుతుందని, నేనిచ్చే డబ్బు బిస్కెట్లకి కాదని, ఆపరేషనూ టీకా అయిన కుక్కకి చెవి కొసన చిన్న కోత ఉంటుందని. ఆ పిల్లాడి కాలు చూస్తూ ఇవేవీ చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం విశాఖ వాళ్లకి ఫోన్ చేసి నా డబ్బు టీకాలకే వాడతారా అని అడిగితే, అలా విడదీసి చెప్పలేం సార్ అన్నారు. నిజమే చెప్పారు. 300 ఆపలేదు, కానీ వృద్ధాశ్రమానికి మొదట అనుకున్నట్టు వంద పెంచలేదు, ఆ వంద పక్కన పెడుతున్నాను, మన వీధి కుక్కలకి టీకా వేయించడానికి. షాపు మెట్ల కింద పడుకునే నల్లదానికి అయింది. ఇంకా ఏడున్నాయి, రెండు దొరకవు.

ఎవరైనా కొత్తగా మొదలెడితే వందతోనే మొదలెట్టండి, ఒక్క చోటికే, ఐదు చోట్లకి కాదు. అన్ని విధాలా చూస్తే ఐదుకి నేను మూడున్నర ఇస్తాను, ఆ పోయిన ఒకటిన్నర ఫోన్లకీ, బ్యాంకు ఛార్జీలకీ.

ఈ నెల విశాఖ వాళ్లది ఐదో తారీఖున కట్ అయింది. ఉద్దానం ట్రస్టు ఆటోపే గడువు మాత్రం పోయిన నెలతో అయిపోయింది, వాళ్లు ఫోన్ చెయ్యలేదు, చెయ్యరు కూడా. షాపు కట్టేశాక మళ్లీ పెట్టాలి.