వేళచ్చేరిలో మా గ్రీన్ రూఫ్: మొక్కల కన్నా అవుట్‌లెట్ ముఖ్యం

చెన్నై వేళచ్చేరిలోని మా మిద్దె మీద గ్రీన్ రూఫ్, అంటే స్లాబు మీద మట్టి పరిచి మొక్కలు పెంచే కప్పు, వేయించి కొన్నేళ్లయింది. కత్తిరి ఎండల్లో కింది గది చల్లగా ఉంటుందా అని అందరూ అడుగుతారు. ఉంటుంది, రాత్రిపూట స్లాబు సెగ బాగా తగ్గింది. నాకు నచ్చింది మాత్రం వానాకాలంలో దాని పనితనం. మామూలు వానకు పక్కింటి పైపులు వెంటనే ధారగా పోస్తాయి. మాది చాలాసేపటికి సన్నగా మొదలై, వాన వెలిశాక కూడా కారుతూ ఉంటుంది. పళ్లికరణై చిత్తడి నేల పక్కన, నీళ్లు త్వరగా పోని మా ఏరియాకు ఆ ఆలస్యమే పెద్ద మేలు.

అయితే 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైని ముంచేసింది. మా మట్టి తాగగలిగినంత తాగింది. ఆ తర్వాత పడిన వాన ఉత్త స్లాబు మీద పడ్డట్టే. ఏ గ్రీన్ రూఫైనా అంతే, దానికి నేను తప్పుపట్టను. నా కోపమంతా నీళ్లు కిందికి దిగకపోవడం మీదే. కాంట్రాక్టరు అవుట్‌లెట్ (మిద్దె మీది నీళ్లు కిందికి దిగే గొట్టం) మూతికి ఫిల్టర్ గుడ్డ చుట్టి, పైన మట్టి పరిచేశాడు. మట్టిలోని కొబ్బరి పొట్టు, మొక్కల వేళ్లు కలిసి ఆ గుడ్డను పూర్తిగా మూసేశాయి. 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 100 కిలోల బరువు, అదీ తడిసిన మట్టి బరువు కాక. స్లాబు ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. నేను, మా అబ్బాయి ఆ వానలోనే పారతో తవ్వి గుడ్డ చీల్చాక గానీ నీళ్లు కదల్లేదు. తర్వాత అడిగితే, మొక్కలు సరిగ్గా చూసుకోలేదని మామీదే నెట్టాడు. మట్టి కింద కనబడకుండా పోయిన అవుట్‌లెట్‌ను ఎవరైనా ఎలా చూసుకుంటారు?

ఇప్పుడు అవుట్‌లెట్ చుట్టూ మూత తీయగలిగే చిల్లుల పెట్టె, దాని చుట్టూ మొక్కల్లేకుండా కంకర వేయించాం. నీళ్లు మరీ నిలిస్తే బయటికి పోయేలా పిట్టగోడకు పొంగు గొట్టం కూడా పెట్టించాం. ఐప్పసి (అక్టోబరు-నవంబరుల్లో వచ్చే తమిళ నెల) వానలకు ముందు మూత తీసి కడుగుతాను. అప్పటినుంచి ఇబ్బంది రాలేదు, కానీ అంత పెద్ద వాన కూడా మళ్లీ పడలేదు.

ఇంకొకటి: దిగే నీళ్లు టీ రంగులో ఉంటాయి. అందుకే సంపులోకి వదలకుండా ఇంకుడు గుంతకు మళ్లించాం.

వేయించేముందు స్లాబు బరువు మోస్తుందని ఇంజనీరు చూసి చెప్పాడు కాబట్టే మేం ధైర్యం చేశాం. సొంతిల్లు, పైకెక్కి చూసుకునే ఓపిక ఉన్నాయి గనుక మళ్లీ అయినా వేయిస్తాను. అద్దెకిచ్చే ఇంటికైతే వేయించను.