ఆరేళ్లుగా లింగాకర్షక బుట్టలు కడుతున్నాను

ఆదోని దగ్గర మాది నల్లరేగడి నేల. నాలుగెకరాల్లో పత్తి, ఇంకో మూడెకరాల్లో రబీ శనగ. ఆరేళ్లుగా రెండు చేలల్లోనూ లింగాకర్షక బుట్టలు కడుతున్నాను. పురుగును చంపుతాయని కొంటే నిరాశే. పురుగు ఎప్పుడు దిగిందో తెలుసుకోవాలంటే మాత్రం వీటిని మించింది నాకు దొరకలేదు.

బుట్టంటే ప్లాస్టిక్ గరాటు, పైన మూత, కింద పొడుగాటి పాలిథిన్ సంచి. మూత కింద చిన్న రబ్బరు ఎర. ఆడ రెక్కల పురుగు వదిలే వాసననే తయారుచేసి అందులో పట్టిస్తారు. మన ముక్కుకు ఏమీ తెలియదు. పొద్దున్నే సంచి ముడి విప్పితే అడుగున బూడిద రంగు పురుగులు, వడ్లగింజ కన్నా కాస్త పెద్దవి, రెక్కల పొడి వేళ్లకంటుతుంది. అన్నీ మగవే.

పత్తికాయను తొలిచే గులాబీ పురుగు ఎరలో ఉండే వాసన పేరు గాసిప్లూర్. 1973లో దీని గుట్టు తేలింది. పదహారు కార్బన్ల గొలుసున్న రెండు పదార్థాలు, సగం సగం. రెండింట్లోనూ జంట బంధాలు ఏడు, పదకొండు స్థానాల్లోనే ఉంటాయి. పదకొండో చోట గొలుసు వంగే తీరొక్కటే తేడా. అంత చిన్న తేడాను గాలిలో పసిగట్టి వస్తుందంటే, ఆ పురుగు మీద నాకు గౌరవమే కలుగుతుంది. శనగపచ్చ పురుగుదీ రెండు పదార్థాల కలయికే, కానీ పాళ్లు సుమారు 97కి 3. అందుకే ఏ ఎర ఆ పురుగుకే.

రెండో ఏడు శనగలో దెబ్బతిన్నాను. బుట్టలు ఖాళీగా ఉన్నాయని ధైర్యంగా ఉంటే, కాయలకు బొక్కలు కనబడ్డాయి. ఎరలు కొన్న దుకాణంలో వాటిని ఎండ తగిలే అలమరలో పెట్టారని తర్వాత తెలిసింది. శనగపచ్చ పురుగు ఎరలో ఉండేది ఆల్డిహైడ్. గాలికీ వేడికీ త్వరగా పాడైపోతుంది. గులాబీ పురుగుది అసిటేట్, దానికన్నా గట్టిది. ఇప్పుడు ఎరలు ఫ్రిజ్‌లో పెడుతున్నాను, శనగలో రెండు వారాలకోసారి మారుస్తున్నాను. ఒక రకం ఎర ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగకుండా ఇంకో రకం ముట్టుకోవద్దు.

పక్క చేను పెద్దాయన ఒకసారి అడిగినాడు: "ఏమబ్బా, పత్తిలో కట్టిన పచ్చపురుగు ఎర శనగలో పనికొస్తుందా?" వస్తుంది. ఆ పురుగు పత్తి తిని పెరిగినా, శనగ తిని పెరిగినా ఆడది తన ఒంట్లోని కొవ్వు ఆమ్లాల నుంచే వాసన తయారుచేసుకుంటుంది. అలాగని చెట్టుకు సంబంధమే లేదనుకోకండి. అమెరికాలో మొక్కజొన్న మీద బతికే దీని దగ్గరి చుట్టం ఒకటుంది. పీచు నుంచి వచ్చే ఇథిలీన్ లాంటి వాసనలు తగిలితేనే దాని ఆడపురుగులు ఎక్కువగా వాసన తయారుచేస్తాయని 1992లో తేల్చారు. పిల్లలకు మేత దొరికే చోటే జత కడతాయన్నమాట! మా చేలో కూడా పూత మీదున్న కంది సాళ్ల పక్కనున్న బుట్టలోనే ప్రతి ఏడూ ఎక్కువ పడతాయి.

ఎకరాకు నాలుగైదు చాలు, పైరు కన్నా అడుగు ఎత్తున. ఒక మగది పోయినా మిగిలినవి చాలా ఆడవాటితో కలుస్తాయి. పక్క చేనులో కలిసిన ఆడవి మన చేనులో గుడ్లు పెట్టకుండా బుట్ట ఆపలేదు. అందుకే నేను లెక్క మాత్రమే చూస్తాను. పత్తిలో వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది గులాబీ పురుగులు పడితే, ఇరవై పచ్చికాయలు కోసి చూస్తాను. రెండింట్లో పురుగుంటే మందు.

నిరుడు అక్టోబరంతా లెక్క మూడు, నాలుగు దాటలేదు. చుట్టుపక్కల అందరూ కొట్టారు, మా ఇంట్లోవాళ్లకు టెన్షన్. నేను కొట్టలేదు. నవంబరు రెండో వారంలో తొమ్మిది, పదకొండు, పదమూడు పడ్డాయి. కాయలు కోస్తే నాలుగింట్లో పురుగు. ఆ సాయంత్రమే ట్యాంకు భుజానికెత్తాను.