ఆఫ్టర్ రన్ ఆయిల్: నైట్రో కారు ఇంజిన్‌లో చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నైట్రోమీథేన్ కలిపిన ఫ్యూయల్‌తో నడిచే రిమోట్ కంట్రోల్ మోడల్ కారునే నైట్రో కారు అంటారు, దాన్ని నడిపాక ఇంజిన్ లోపల తుప్పు పట్టకుండా వేసేదే ఆఫ్టర్ రన్ ఆయిల్. ముందే చెప్పేస్తున్నా, దీని మీద పెట్టే డబ్బు దండగ కాదు, కానీ సీసా మీద రాసుకున్నంత మహత్యం కూడా ఇందులో లేదు. నేను వాడుతున్నది .21 సైజు (క్యూబిక్ అంగుళాల్లో) ఇంజిన్, అంటే దాదాపు 3.5 సీసీ, ఆఫ్ రోడ్ బగ్గీలో ఉంది. ఏళ్ల తరబడి ప్రతి రన్ తర్వాత ఈ ఆయిల్ వేస్తూనే ఉన్నాను కాబట్టి ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేయదో ఈపాటికి ఒక అంచనా ఉంది.

ఫ్యూయల్‌లోనే ఆయిల్ ఉంటుంది కదా, మళ్లీ ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ ఫ్యూయల్‌లో ఎక్కువ భాగం మిథనాల్, అది గాలిలో తేమని పట్టుకుంటుంది. పైగా నైట్రోమీథేన్ మండాక మిగిలేదానికి ఆమ్ల గుణం ఉంటుంది. ఈ రెండూ క్రాంక్‌కేస్‌లో, అంటే పిస్టన్ కింద క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలో చేరి రాత్రంతా కూర్చుంటే మొదట తినేసేది ఆ షాఫ్ట్‌ని మోసే వెనక బేరింగ్‌ని, అది స్టీల్ కాబట్టి. పిస్టన్‌కి, అది కదిలే గొట్టం స్లీవ్‌కి వెంటనే ఏమీ కాదు. ఏబీసీ ఇంజిన్లలో పిస్టన్ అల్యూమినియం, స్లీవ్ ఇత్తడి, దాని లోపల క్రోమ్ పూత, ఇవి తుప్పు పట్టే రకం కాదు.

అందుకే నా దృష్టిలో ఆయిల్ కంటే ముందు ముఖ్యమైనది ట్యాంక్‌లో, లైన్‌లో, ఇంజిన్‌లో ఫ్యూయల్ అన్నది మిగలకుండా కాల్చేయడం. ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కార్బ్ (కార్బ్యురేటర్) దగ్గర ఫ్యూయల్ ట్యూబ్ పీకేస్తే ఒక్క క్షణం స్పీడ్ పెరిగి ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి, కాసేపు దడదడలాడి చచ్చిపోతుంది, అసలు అంటుకోనంత వరకు అలా చేయాలి. థ్రాటిల్ మాత్రం లాగొద్దు, ఆ సమయంలో మిక్స్చర్ బాగా లీన్‌గా, అంటే గాలి ఎక్కువ ఫ్యూయల్ తక్కువగా ఉంటుంది. ఈ పని వదిలేసి ఎంత మంచి ఆయిల్ పోసినా మురికి మీద సెంటు కొట్టినట్టే.

తర్వాత ఆయిల్ వేయడానికి గ్లో ప్లగ్ (ఎర్రగా కాలి ఫ్యూయల్‌ని అంటించే ప్లగ్) తీస్తాం కదా, దానికంటే ముందు హెడ్ చుట్టూ, కార్బ్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో దులిపి స్పిరిట్‌తో తుడవాలి. హెడ్ ఫిన్స్ మధ్య ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు ప్లగ్ రంధ్రంలోంచి లోపల పడితే చాలు, స్లీవ్ మీద గీత పడుతుంది. బ్రేక్ క్లీనర్ బాగా కడుగుతుంది, ఒప్పుకుంటా, కానీ కొన్ని ప్లాస్టిక్ భాగాలని పాడు చేస్తుంది, ఇంజిన్ ఛాసిస్ మీద ఉండగా దాని జోలికి నేను పోను.

ఇక ఆయిల్‌ని గ్లో ప్లగ్ రంధ్రంలో కొన్ని చుక్కలు, థ్రాటిల్ తెరిచి కార్బ్‌లో కొన్ని చుక్కలు వేయాలి. పైన గుడ్డ అడ్డం పెట్టి స్టార్టర్‌తో కాసేపు తిప్పాలి. ఆ గుడ్డని పారేయకుండా ఒకసారి చూడండి. ఆయిల్ శుభ్రంగానో కాస్త నల్లగానో వస్తే ఫర్వాలేదు. ఇటుక రంగు మరక కనిపించిందంటే వెనక బేరింగ్‌కి తుప్పు మొదలైందన్నమాట. ప్లగ్ తీసి ఉండగానే ఫ్లైవీల్‌ని వేళ్లతో నెమ్మదిగా తిప్పితే లోపల గరగరమని చేతికి తెలుస్తుంది. అంతదాకా వచ్చాక ఏ ఆయిలూ దాన్ని బాగు చేయదు, బేరింగ్ మార్చాల్సిందే. అరిగిపోయిన స్లీవ్‌లో పోయిన బిగువు కూడా ఆయిల్‌తో తిరిగి రాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడెక్కగానే ఆగిపోతుంటే అది ఈ సీసాతో తీరే జబ్బు కాదు.

దాచిపెట్టేటప్పుడు పిస్టన్ కిందికి ఉండేలా తిప్పి వదలాలి. స్లీవ్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, పిస్టన్ అక్కడే బిగిసి ఉండిపోతే తర్వాత తిప్పడం గండం. ఫ్లైవీల్ మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

వేరే వాటితో పోలిస్తే, తేమని తోసేసే పల్చటి స్ప్రేలు వారం గడపడానికి సరిపోతాయి, నెలల తరబడి మూల పడేసే బండికి చాలవు, ఆరిపోతాయి. ఆముదం రక్షణ బాగానే ఇస్తుంది గానీ నిలవ ఉంటే జిగురై పిస్టన్‌ని పట్టేస్తుంది, మళ్లీ హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్ వేడి చేసి వదిలించుకోవాలి. గాలితో నడిచే పనిముట్లకి వాడే ఎయిర్ టూల్ ఆయిల్ మాత్రం దీనికి ఏమాత్రం తీసిపోదు, నాకు తేడా కనిపించలేదు. ఒక్క జాగ్రత్త, అది పెట్రోలియం ఆయిల్, సిలికాన్ ఫ్యూయల్ ట్యూబ్ మీద పడితే ట్యూబ్ ఉబ్బుతుంది, వెంటనే తుడిచేయాలి.

మళ్లీ నడిపే రోజున ప్లగ్ తీసి, తిప్పి, లోపలి ఆయిల్‌ని బయటికి తోసేయడం మర్చిపోవద్దు. ఎక్కువ ఆయిల్ నిలిచి ఉండగా స్టార్టర్ బాక్స్ (ఫ్లైవీల్‌ని మోటార్‌తో తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసే పెట్టె) మీద పెట్టి బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ప్లగ్ కాయిల్ తడిస్తే సరిగ్గా ఎర్రబడదు, ఫ్యూయల్ రావట్లేదేమో అని కార్బ్‌లో ఫ్యూయల్‌ని సరిచేసే నీడిల్ తిప్పుతూ కూర్చుంటారు. మొదట కాసేపు తెల్లటి పొగ వస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు.

అన్నట్టు ఎయిర్ ఫిల్టర్. ఫోమ్‌ని సబ్బునీళ్లలో పిండి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ అంతటా పట్టేలా పిసికి పెట్టండి. ఇంజిన్ ఎంతకాలం బతుకుతుందన్నది ఆఫ్టర్ రన్ ఆయిల్ కంటే దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

సీసా గురించి ఒక ఫిర్యాదు: మూత ఎంత బిగించినా కారుతుంది, టూల్ బాక్స్‌లో పడుకోబెట్టలేం. దాని సూది మూతి మాత్రం కార్బ్‌లోకి నేరుగా వెళ్తుంది, చుక్క లెక్కగా పడుతుంది. ఇది అయిపోయాక ఎయిర్ టూల్ ఆయిల్ కొని ఇదే సీసాలో పోసుకుంటా.