చేతులు మారినా రంగు మారని రైళ్లు: లండన్, యార్క్, షిల్డన్‌లో ఐదు రోజులు

మా నాన్న కాజీపేట లోకోషెడ్‌లో పనిచేసేవారు. మెరూన్ పెట్టెలు నీలంలోకి మారుతున్న ఆ రోజుల్లో ఒకే బండికి రెండు రంగుల పెట్టెలు తగిలించి వస్తే, నేనూ తమ్ముడూ గేటు దగ్గర నిలబడి ఏవి ఎన్ని అని లెక్కపెట్టేవాళ్లం. ఆ పిచ్చి ఇద్దరికీ ఇంకా తగ్గలేదు. అందుకే 2025 జూన్‌లో రీడింగ్‌లో ఉంటున్న తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, ఊరు చూడటం తర్వాత అనుకుని ఐదు రోజులు పూర్తిగా రైళ్లకే పెట్టుకున్నాం.

ఆ సమయంలోనే వెళ్లడానికి కారణం ఉంది. 2025 మే 25న, లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి బళ్లు నడిపే సౌత్ వెస్టర్న్ రైల్వే మళ్లీ ప్రభుత్వం చేతికి వచ్చింది. కొత్త చట్టం కింద అలా వచ్చిన మొదటి కంపెనీ అదే. యాజమాన్యం మారిన కొత్తలో రైళ్లు ఎలా ఉంటాయో దగ్గరి నుంచి చూడాలనిపించింది. వాటర్లూ స్టేషన్‌లోకి అడుగుపెట్టగానే జవాబు దొరికింది. 'గ్రేట్ బ్రిటిష్ రైల్వేస్ త్వరలో' (రాబోయే ప్రభుత్వ రైల్వే సంస్థ పేరది) అని రాసిన రైలు ఒకదాన్ని మొదటి రోజు బయటికి తెచ్చారట, మాకది కనిపించలేదు. మిగతావన్నీ పాత రంగుల్లోనే ఉన్నాయి. మన దగ్గర రాష్ట్రం విడిపోయాక ఆర్టీసీ బస్సుల మీద 'ఏపీ' చెరిపి 'టీఎస్' రాసుకుని తిరిగినట్టే. నిన్న మొన్న 'టీఎస్' కాస్తా 'టీజీ' అయ్యాక కూడా పాత అక్షరాల బస్సులు ఎన్ని చూడలేదు!

రైళ్లు చూడటానికి వాటర్లూ కంటే లండన్‌లోనే ఉన్న క్లాపమ్ జంక్షన్ మేలు. టికెట్ ఉంటే చాలు, ప్లాట్‌ఫాం చివర ఎంతసేపైనా నిలబడొచ్చు. అటూ ఇటూ బళ్లు ఆగకుండా పోతూనే ఉంటాయి. మేము చూడాలనుకున్నవి క్లాస్ 455 అనే లోకల్ రైళ్లు. యార్క్‌లో 1982 నుంచి 1985 మధ్య తయారయ్యాయి. మొదట అప్పటి ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ రైల్ నీలం, బూడిద రంగులు. ఆ తర్వాత అందులోనే లండన్ చుట్టుపక్కల బళ్లు చూసే విభాగం నెట్‌వర్క్ సౌత్‌ఈస్ట్ వారి ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు. 1996 ఫిబ్రవరి 4న ప్రైవేటు కంపెనీ సౌత్ వెస్ట్ ట్రైన్స్ బళ్లు నడపడం మొదలుపెట్టి, ఆ పాత పట్టీలకే ఒక నారింజ గీత చేర్చి సరిపెట్టింది. పూర్తి ఎరుపు వేసింది చాలా ఏళ్లకు, లోపల సీట్లు మార్చినప్పుడే. ఆ కంపెనీ 2017 ఆగస్టులో వెళ్లిపోయింది. ఎరుపు మాత్రం ఉండిపోయింది. తర్వాతి కంపెనీ కాలమంతా అదే రంగు, మేము చూసినప్పుడు, ప్రభుత్వం వచ్చాకా అదే రంగు.

ఎందుకిలా అంటే, అక్కడ రైలు నడిపేవాళ్లు వేరు, రైలు సొంతదారులు వేరు. 1994లో బ్రిటిష్ రైల్‌ను ముక్కలు చేసినప్పుడు ప్రయాణికుల రైళ్లన్నీ మూడు లీజు కంపెనీలకు పోయాయి: ఏంజెల్, ఎవర్‌షోల్ట్, పోర్టర్‌బ్రూక్. నడిపే కంపెనీలకు చాలావరకు దొరికింది ఏడేళ్ల కాంట్రాక్టు. ఏడేళ్లు ఉండే అద్దె ఇంటికి సొంత డబ్బు పెట్టి సున్నం ఎవరు వేయిస్తారు? పైగా రైలుకి రంగు వేయాలంటే రోజుల తరబడి షెడ్‌లో ఆపాలి, ఆ రోజుల్లో దాని బదులు ఇంకో బండి కావాలి. కాబట్టి పెద్ద మరమ్మతుకి వచ్చినప్పుడే రంగు. తలుపులు చేత్తో వేసే పాత బళ్లను ఎలాగూ తుక్కుకి పంపాలి కదా అని చాలావాటిని అలాగే వదిలేశారు. జీఎన్ఈఆర్ లాంటి కంపెనీ మాత్రం తన గుర్తింపు తనకుండాలని మొదట్లోనే ముదురు నీలం, ఎర్ర గీత వేయించుకుంది. లండన్ నుంచి యార్క్ మీదుగా ఎడిన్‌బరోకి వెళ్లే లైన్ వాళ్లది, చూపించుకోవడానికి పెద్ద రైళ్లున్నాయి మరి.

పాత రంగు ఎక్కువ కాలం బతికిన వాటిలో నాకు బాగా నచ్చిన కథ వాటర్లూ అండ్ సిటీ లైన్‌ది. వాటర్లూ నుంచి బ్యాంక్ అనే స్టేషన్ దాకా ఒకే స్టాప్, నాలుగు నిమిషాల ప్రయాణం. 1994 ఏప్రిల్ 1న ఆ లైన్ బ్రిటిష్ రైల్ నుంచి లండన్ మెట్రో సంస్థ అయిన అండర్‌గ్రౌండ్‌కి వెళ్లిపోయింది, కానీ రైళ్లు నెట్‌వర్క్ సౌత్‌ఈస్ట్ రంగుల్లోనే 2006 వరకు తిరిగాయి. చివరికి లైన్ మూసి బాగుచేసినప్పుడే మార్చారు. అసలు సంస్థే లేకుండా పోయినా, దాని రంగు పన్నెండేళ్లు నేల కింద తిరిగింది! ఇప్పుడు చూడటానికి అక్కడ ఏమీ లేదు, శని ఆదివారాలు నడవదు కూడా. పనిగట్టుకుని వెళ్లకండి. దానికి బదులు మూర్‌గేట్‌లో రైలెక్కి ఎసెక్స్ రోడ్ దాకా వెళ్లండి. పాతకాలపు భూగర్భ స్టేషన్లు, జనం తక్కువ, ఫోటోలు ప్రశాంతంగా తీసుకోవచ్చు.

లండన్‌లో బస గురించి రెండు ముక్కలు. కింగ్స్ క్రాస్‌కి దగ్గర అని ఒక చిన్న హోటల్‌లో రెండు రాత్రులు ఉన్నాం. కిటికీ లేని గది, రాత్రికి 110 పౌండ్లు. లిఫ్ట్ పనిచేయడం లేదని బుక్ చేసేటప్పుడు చెప్పలేదు, నా మోకాళ్లతో నాలుగంతస్తులు ఎక్కాను. స్టేషన్ పక్కనే ఉండాలన్న ఆశ వదులుకుని ఒక పావుగంట దూరంలో ఉంటే అదే డబ్బుకి మంచి గది దొరికేది. యార్క్‌లో మాత్రం ఒక పెద్దావిడ నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో ఉన్నాం. మేము మాంసం తినమని చెబితే మర్నాడు ఉదయం పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేడివేడిగా చేసిపెట్టింది. మధ్యాహ్నం దాకా ఆకలి వేయలేదు. ఇద్దరు కలిసి తిరిగేవాళ్లు 'టూ టుగెదర్' రైల్‌కార్డు తప్పకుండా తీసుకోండి. 35 పౌండ్లు, ఏడాది చెల్లుతుంది, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. పని రోజుల్లో ఉదయం 9:30 లోపు మాత్రం పనికిరాదు. మాకు యార్క్ ప్రయాణంతోనే సగానికి పైగా తిరిగొచ్చింది.

యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం ఉచితం. గంటకు 126 మైళ్లు పరిగెత్తిన మల్లార్డ్ ఇంజన్, జపాన్ షింకన్‌సెన్ పెట్టె చూసి తీరాల్సినవే. కానీ నేను ఎక్కువసేపు గడిపింది స్టేషన్ ప్లాట్‌ఫాం చివర. వంపు తిరిగిన ఆ పాత ఇనుప కప్పు కింద గూడ్సు బళ్ల కోసం కాచుకున్నాం. రెండో టీ తాగుతుండగా ఒకటి వచ్చింది. ముందు క్లాస్ 66 ఇంజన్, ఒంటి మీద మెరూన్, పసుపు పట్టీ, ఈడబ్ల్యూఎస్ అని మూడు పెద్ద అక్షరాలు. ఆ గూడ్సు రైళ్ల కంపెనీ పేరు 2009 జనవరి 1 నుంచే లేదు, జర్మనీ వాళ్లు కొనుక్కుని మార్చేశారు. పదహారేళ్ల తర్వాత కూడా అదే పేరుతో బరువు లాగుతోంది. దగ్గరకొచ్చాక చూస్తే మెరూన్ వెలిసి ఇటుక పొడిలా ఉంది, పొగ గొట్టం చుట్టూ నల్లటి మసి, అక్షరాల అంచులు లేచిపోయాయి. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, మన మెరూనే!" అన్నాడు.

455లు తయారైన యార్క్ పెట్టెల ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ప్రైవేటీకరణ గందరగోళంలో మూడేళ్లకు దగ్గరగా దేశంలో కొత్త రైళ్ల ఆర్డర్లే లేవు. కొత్త బళ్లు రాలేదు కాబట్టి పాతవి పాత రంగుతో నడిచాయి, వాటిని చేసినవాళ్లకు పని పోయింది. లోకోషెడ్ జీతంతో పెరిగినవాణ్ణి, నాకు ఆ రెండో సంగతే ఎక్కువ బాధ కలిగించింది.

డార్లింగ్టన్‌లో మారి షిల్డన్ వెళ్లాం. బళ్లు గంటకొకటి లాగా ఉంటాయి, టైమ్ చూసుకుని బయల్దేరండి. అక్కడి లోకోమోషన్ మ్యూజియం కూడా ఉచితమే, యార్క్ అంత రద్దీ లేదు. రంగుల పిచ్చి ఉన్నవాళ్లకు నేను యార్క్ కంటే దీన్నే చెబుతాను. 1987 నవంబర్ 1న గంటకు 238 కిలోమీటర్ల వేగంతో డీజిల్ రికార్డు కొట్టిన 43102 నంబరు ఇంజన్ అక్కడే ఉంది. ఎన్నో కంపెనీల రంగులు, మధ్యలో వేరే నంబరు కూడా మోసింది. రిటైరయ్యే ముందు మళ్లీ బ్రిటిష్ రైల్ కాలపు ఇంటర్‌సిటీ రంగులు వేశారు. పైన ముదురు బూడిద, కింద లేత రంగు, మధ్యలో ఎర్ర గీత, పక్కన ఎగిరే పిట్ట. చాలా అందంగా ఉంది. అయినా మెరిసే ఆ కొత్త పూత కంటే యార్క్‌లో చూసిన వెలిసిన మెరూనే నాకు నిజంగా అనిపించింది.

చివరి రోజు మళ్లీ క్లాపమ్‌కే వెళ్లాం. ఒక 455 వచ్చి ఆగింది. తలుపు అంచున ఎరుపు లేచి కింద బూడిద పూత కనిపిస్తోంది. ఎక్కి వింబుల్డన్ దాకా వెళ్లి వచ్చాం. మేము వెళ్లిన 2025లోనే వీటిని ఒక్కొక్కటిగా తీసేసి కొత్త ఆర్టెరియో రైళ్లు పెడుతున్నారు. చూడాలనుకునేవాళ్లు ఇంకా నడుస్తున్నాయో లేదో కనుక్కుని వెళ్లండి.