ఈ 50 లీటర్ల బ్యాగుపై నా కోపమంతా ఒక్క బకిల్ మీదే

కొండల్లో నడిచేటప్పుడు వీపున మోసుకెళ్లే ఈ బ్యాగుకు జేబులెన్ని, గుడ్డ ఏ రకం అన్న వివరాల జోలికి పోను. అవి అందరికీ తెలిసినవే. నేను రాయదలచుకున్నది నడుము బెల్టు గురించి, ముఖ్యంగా దాని మధ్యనుండే ప్లాస్టిక్ బకిల్ గురించి. దాని మీద నాకింకా కోపం తీరలేదు.

బెల్టు మంచిదే. తుంటి ఎముకల మీద కుదురుగా కూర్చుంటుంది, గంటల తరబడి నడిచినా ఒరుసుకోదు. బరువులో ఎక్కువ భాగం అదే మోస్తుంది కాబట్టి భుజాలు తేలికగా ఉంటాయి. అందుకే అడిగినవారందరికీ కొన్నేళ్లపాటు కళ్లు మూసుకుని ఇదే కొనమన్నాను. ఇప్పుడైతే కళ్లు తెరిచి చూసి కొనమంటాను.

లడఖ్‌లోని మార్ఖా లోయలో ఒంటరిగా నడుస్తున్నాను. చివరి రోజు దాదాపు 4,800 మీటర్ల ఎత్తునున్న నిమాలింగ్ నుంచి తెల్లవారకముందే బయలుదేరి, 5,200 మీటర్ల పైచిలుకు కొంగ్మరు లా కనుమ ఎక్కి, అవతల షాంగ్ సుమ్దో ఊరి దాకా దిగాలి. ఎక్కేది తక్కువే, దిగేది మాత్రం సుమారు 1,500 మీటర్లు. గుడారం, స్టవ్వు కూడా మోసుకెళ్లాను కాబట్టి తిండి అయిపోవచ్చినా బ్యాగు ఇంకా 13 కిలోలుంది.

కనుమ మీద కట్టిన ప్రార్థనా జెండాల దగ్గర బ్యాగు దించి కాసేపు కాంగ్ యాత్సే శిఖరాన్ని చూశాను. మళ్లీ తగిలించుకుని బెల్టు బిగిస్తుంటే టక్కుమంది. బకిల్‌కు రెండు పక్కలా ఉండే కొక్కేల్లో ఒకటి విరిగి రాళ్లలో పడింది. రెండోదానితో నెట్టుకొద్దామంటే, గట్టిగా ఊపిరి పీల్చగానే ఊడిపోతోంది. ఆ ఎత్తులో గట్టిగా ఊపిరి పీల్చకుండా ఎవరు నడవగలరు?

పోనీ పట్టీలనే ముడివేద్దామంటే విరిగిన సగం బెల్టులోకి కుట్టేసి ఉంది, ఆ వైపు పట్టీ బెత్తెడు కూడా లేదు. నా అసలు తగవు ఇదే. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, చలికి బిరుసెక్కుతుంది, లడఖ్‌లో రెండూ ఎక్కువే. కాబట్టి విరిగినందుకు ఏమీ అనను. కానీ కుట్టు విప్పకుండానే పట్టీ దూర్చుకునే చీలిక ఉన్న బకిల్ పెట్టి ఉంటే, జేబులో ఇంకొకటి ఉంచుకుని అక్కడికక్కడే మార్చుకునేవాణ్ణి. ఇంత ధర తీసుకుని ఆ పాటి చేయకపోవడం అన్యాయం.

బరువంతా భుజాల మీద పడింది. దిగుడులో వేసిన ప్రతి అడుగుకూ బ్యాగు వెనక్కి లాగేది. ఛాతీ పట్టీ గొంతు దాకా పాకింది. అలా గంటసేపు దిగాక, గుర్రాలతో ఎదురొచ్చిన ఒక పెద్దాయన "జూలే" అని పలకరించి ఆగారు. బెల్టు పట్టి చూసి, సామాను కట్టే తాడు ముక్కొకటి తీశారు. దాన్ని విరిగిన సగం వెనక చుట్టి, రెండో సగం చట్రంలోంచి తెచ్చి, కొసను మడిచి ముడి వేశారు. "ఈ కొస లాగండి" అన్నారు హిందీలో. లాగగానే ముడి మొత్తం విడిపోయింది. "కింద వాగు చాలాసార్లు దాటాలి. నీళ్లలో పడితే ముందు బ్యాగు వదిలించుకోవాలి కదా" అని, నా చేత కూడా కట్టించి చూసి గానీ కదల్లేదు. డబ్బిస్తే తీసుకోలేదు, ఖర్జూరాలు మాత్రం తీసుకున్నారు.

ఆయన చెప్పినట్టే ఆ ఇరుకు లోయలో దారి వాగును అటూ ఇటూ దాటుతూనే పోయింది. పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి నీరు పెరిగింది. దిగే ముందు కొస లాగడం, ఒడ్డెక్కాక మళ్లీ కట్టుకోవడం. చేతి తొడుగులు తీయకుండానే విప్పగలిగాను. తుంటి మీదికి బరువు తిరిగొచ్చాకే చుట్టూ ఉన్న ఎర్రటి, ఊదా రంగు కొండలు కంటికి ఆనాయి.

తిరిగొచ్చాక సేవా కేంద్రాన్ని అడిగితే బకిల్ విడిగా ఇవ్వరట, బెల్టు మొత్తం కొనాలట. సికింద్రాబాద్‌లో సంచులు కుట్టే దుకాణంలో కుట్టు విప్పించి, పొడవు పట్టీ వేయించి, చీలిక బకిల్ పెట్టించుకున్నాను. బెల్టు ధరలో పదో వంతు కూడా కాలేదు.

మార్ఖాలో ఊళ్లలోని ఇళ్లలో బస చేస్తూ ఏడెనిమిది కిలోలతో నడిచేవారికి ఇదంతా పెద్ద విషయం కాకపోవచ్చు. నాది సన్నటి నడుము, పొట్టి వీపు. బెల్టు ఇంత బాగా కుదరడానికి అదీ ఒక కారణమే, పొడగరులు దుకాణంలో బరువు వేయించుకుని చూడాలి. గుడారంతో ఒంటరిగా వెళ్లేవారు మాత్రం బకిల్‌ను తిప్పి కుట్టు చూడండి. మరమ్మతు చేయించిన ఈ బ్యాగునే నేనింకా వాడుతున్నాను. మళ్లీ కొనాల్సివస్తే, ఇదే బెల్టుకు చీలిక బకిల్ పెట్టి ఇస్తేనే కొంటాను.