పెళ్లి సామాన్లతో సాహిత్య సభ: కడప టెంట్ హౌస్ ‘సభా ప్యాకేజీ’లో ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి

కడపలో ఏ టెంట్ హౌస్‌కి పోయి ‘రెండు రోజుల సాహిత్య సభ’ అన్నా చేతికొచ్చే లిస్టు దాదాపు ఒకటే. షామియానా, 300 ప్లాస్టిక్ కుర్చీలు, 20 అడుగులకు 16 అడుగుల స్టేజీ, వెనక మెరుపు పరదా, స్టేజీ మీదికి మహారాజా కుర్చీలు, ముందు వరుసకు సోఫాలు, మైక్ సెట్, 15 కేవీఏ జనరేటర్, జ్యోతి ప్రజ్వలనకు కుంది. బోర్డు మారినా సరుకు మారదు కాబట్టి ఇక్కడ ఏ దుకాణం పేరూ వేయడం లేదు.

మార్కులు ముందే చెప్పేస్తే: కుర్చీలకూ కరెంటుకూ 5కు 4. నీడకు 3. మైక్‌కు ఒకటిన్నర. స్టేజీ అలంకారానికి మార్కులు కూడా దండగ.

లోపం దుకాణాలది కాదు. ఈ సామానంతా పెళ్లికీ, పార్టీ మీటింగుకూ కూర్చుకున్నది. పెళ్లిలో ఎవరూ ఏమీ వినక్కర్లేదు. పార్టీ మీటింగ్ రెండు వీధుల అవతలికి వినపడితే చాలు. సాహిత్య సభలో నూటయాభై మంది ఆరు గంటలసేపు ప్రతి మాటా విసుగు లేకుండా వినాలి. ఆ అవసరం లిస్టు రాసినవాళ్లకు ఎదురుకాలేదు.

మైక్ సంగతే ముందు, సభ చెడితే ఇక్కడే చెడుతుంది. ప్యాకేజీలో రెండు పెద్ద టాప్‌లు (మాట, పాట వినిపించే స్పీకర్లు), రెండు బేస్ బాక్సులు (ధబధబమనే అడుగు శబ్దానికి వాడే స్పీకర్లు), మిక్సర్, రెండు కార్డ్‌లెస్‌లు, ఒక స్టాండ్ మైక్ వస్తాయి. ఊరేగింపులో పాటకు ఈ సెట్ బంగారం. మాటకు బేస్ బాక్సులతో పనే లేదు, వాటిని బండి దించకుండానే వెనక్కి పంపండి. మాటను పోల్చుకునేది హల్లులతో, వాటి స్పష్టత ఎక్కువగా ఉండేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. 100 హెర్ట్జ్‌కు దిగువన ఎక్కువగా ఉండేది గాలి తగిలిన ధబధబ, పోడియం మీద చెయ్యి పడిన చప్పుడు, జనరేటర్ రొద. చాలా మిక్సర్లలో ఒక్కో మైక్‌కు ఆ అడుగు శబ్దాలను కోసేసే లో-కట్ బటన్ ఉంటుంది. నొక్కించండి.

తర్వాత ఎకో. ఆపరేటర్ చెయ్యి అలవాటుగా అటే పోతుంది. నాటక పద్యానికి రాగం తీసేవాళ్లకు అది సాయమే. వచన కవితలో మాత్రం ప్రతి పాదమూ ముందు పాదం తోక తొక్కుతుంది. ఎఫెక్ట్స్ మొత్తం ఆపించి, పద్యం ఉన్న అంశానికే తెరిపించాలి.

సౌండ్ చెకింగ్ అనగానే ఒక సినిమా పాట వేస్తారు. పాట బ్రహ్మాండంగా వినిపిస్తుంది, అందరూ తలలూపుతారు, మోసపోయేది అక్కడే. పాటకు బదులు ఒకరు పోడియం దగ్గర నిలబడి ఎవరికీ తెలియని వచనం ఒక పేజీ చదవాలి. చివరి వరుసలో ఇంకొకరు తల వంచుకుని, విన్నది విన్నట్టు రాసుకోవాలి. ‘శాల’, ‘సాల’ ఒకేలా వినపడినా, ‘పథం’ ‘పదం’ అయినా, ఒత్తులు జారిపోయినా సెట్టింగ్ కుదరనట్టే. పది నిమిషాల పని, కానీ సభ మొదలయ్యే గంట ముందు కాదు, ముందురోజు సాయంత్రమే చేయాలి. స్పీకర్ మార్చాలన్నా అప్పటికింకా టైముంటుంది.

కుయ్యిమనే కూతకు కారణం చాలాసార్లు మైక్ కాదు, స్పీకర్ చోటు. స్టేజీ మూలల్లో పెడితే స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకే వస్తుంది. స్పీకర్లు స్టేజీ అంచుకు ముందుండాలి, మైక్ వాటికి వెనకుండాలి. వరుసలు 50 అడుగులు దాటితే మధ్యలో ఇంకో చిన్న జత కావాలి, అయితే దానికి సుమారు 44 మిల్లీసెకన్ల డిలే, అంటే శబ్దాన్ని అంత ఆలస్యంగా వదిలే సెట్టింగ్, పెట్టాలి. శబ్దం 15 మీటర్లు నడవడానికి పట్టే కాలం అది. పెట్టకపోతే వెనకవాళ్లకు ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఆ సౌకర్యం లేని మిక్సర్ అయితే రెండో జత జోలికి పోకుండా వరుసల సంఖ్య తగ్గించి వెడల్పు పెంచడం మేలు.

పోడియంకు ఎటు వంచితే అటు వంగే మెడ ఉన్న గూస్‌నెక్ మైక్ విడిగా అడగాలి. పొట్టి కవి, పొడుగు విమర్శకుడు ఒకే స్టాండ్ దగ్గరికి వస్తారు, ప్రతిసారీ మరలు తిప్పేవాళ్లు ఉండరు. చేతి మైక్ నోటికి బెత్తెడు దూరంలో ఉండాలని అధ్యక్షుడే ఒకసారి చెప్పేస్తే ఆ రోజంతా సుఖం. కార్డ్‌లెస్‌లకు పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి కొత్త సెల్స్ వేయాలి, పాతవి ఇంకా పనిచేస్తున్నా సరే.

ఇంత చెప్పి చేయించుకోవడం కంటే మైక్‌ను ప్యాకేజీలోంచి తీసేయించి, హరికథలకూ నాటకాలకూ మైక్ కట్టే అలవాటున్న మనిషిని విడిగా మాట్లాడుకోవడం మేలు. ఆ మనిషి సామాను పాతదైనా, అంశం నడుస్తున్నంతసేపూ మిక్సర్ దగ్గర కూర్చుంటాడు. ప్యాకేజీ ఆపరేటర్ వాల్యూమ్ పెట్టేసి టీకి పోతాడు.

రికార్డింగ్ కూడా ఆ మనిషికే చెప్పొచ్చు. కెమెరా మైక్‌ను నమ్ముకోకుండా మిక్సర్ రికార్డ్ అవుట్ నుంచి నేరుగా రికార్డర్‌కు వైరు ఇవ్వాలి. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చప్పట్లకు శబ్దం పగలదు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైల్ గంటకు 690 ఎంబీ. రెండు రోజులకు 14 గంటలనుకుంటే 10 జీబీ లోపే, ఒక చిన్న పెన్‌డ్రైవ్ చాలు. సభకు రాలేని వాళ్లకూ, వచ్చే ఏడు దాతలకూ చూపించడానికి మిగిలేది ఇదే.

స్టేజీకి వస్తే, నాలుగడుగుల ఎత్తు ఇస్తామంటారు. నూటయాభై మందికి 18 అంగుళాలు చాలు. వక్తల్లో సగం మంది మోకాళ్ల నొప్పులవాళ్లే కాబట్టి మెట్లకు ఒక పక్క పట్టుకునే కడ్డీ వేయించండి, అది లిస్టులో ఉండదు. మహారాజా కుర్చీలు పన్నెండు వస్తే పన్నెండుగురు కూర్చుంటారు. మనిషికి శాలువా, జ్ఞాపిక, ఫొటో కలిపి మూడు నిమిషాలనుకున్నా 36 నిమిషాలు పోతాయి. ఐదు మామూలు కుర్చీలే వేస్తే అతిథుల పట్టిక తనంతట తనే కుదించుకుపోతుంది.

సోఫాలు అసలు వద్దు. వాటిముందు టీపాయ్‌లు, వాటిముందు నడిచే దారి, మొత్తం పదిహేను అడుగులు. పైగా అందులో కూర్చునేవాళ్లు ప్రారంభోత్సవం కాగానే లేచిపోతారు. మిగిలిన సభంతా కవి ఎదురుగా ఖాళీ సోఫాలు చూస్తూ చదవాలి. 300 కుర్చీలు కూడా అంతే, 150 పరిచి, 50 పక్కన దొంతర పెట్టి, జనం వచ్చేకొద్దీ వేయండి. 120 మంది 150 కుర్చీల్లో కూర్చుంటే నిండు సభ, 300 కుర్చీల్లో కూర్చుంటే సభ పలచబడినట్టు కనిపిస్తుంది. స్థలం లెక్కకు నడవలతో కలిపి కుర్చీకి 8 చదరపు అడుగులు, అంటే 200 కుర్చీలకు 1,600.

సోఫాలు మిగిల్చిన డబ్బుతో ఇంకో పోడియం తీసుకోండి. కవిసమ్మేళనంలో 25 మంది, తలా నాలుగు నిమిషాలంటే 100 నిమిషాలు. నడిచి రావడం, కాగితాలు వెతుక్కోవడం, ‘వేదిక మీది పెద్దలకు’ అనడం మనిషికి ఒక నిమిషం తింటే 125. రెండు పోడియంలుంటే ఒకరు చదువుతుండగా తర్వాతివాళ్లు రెండోదాని దగ్గర కాగితం తెరిచి సిద్ధంగా ఉంటారు, ఆ 25 నిమిషాల్లో ఎక్కువ భాగం మిగులుతుంది. ‘పెద్దలకు’ అనే దానికి మాత్రం విరుగుడు లేదు.

షామియానా గురించి రెండు మాటలు. రంగు బట్ట కింద తెల్ల కాగితం ఎర్రగానో పచ్చగానో కనబడుతుంది, చదివేవాళ్ల కళ్లు లాగుతాయి, పుస్తకాల అట్టల రంగులు మారిపోతాయి. లోపల తెల్ల సీలింగ్ బట్ట కట్టమనండి. పక్క పరదాలు నాలుగు వైపులా మూస్తే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతుంది, కాబట్టి ఎండ రాని ఉత్తరం వైపు వదిలేయాలి. ఫ్యాన్లు మైక్‌కు కనీసం ఎనిమిది అడుగుల దూరంలో, గాలి మైక్ మీదికి రాకుండా తిప్పి పెట్టాలి. హాలు దొరికితే ఈ తంటాలేవీ లేవు. హాలు చిన్నదైతే వక్తలను తగ్గించుకోవడం, షామియానా వేసుకోవడం కంటే చౌక. తెలుగు గ్రంథాలను వెలికితీసిన సి.పి. బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి అప్పులు చేసిన ఊరిది. అందరికీ ఆ ఓపిక ఉండదు.

కరెంటు విషయంలో ప్యాకేజీ బాగుంది. సీరియల్ లైట్లు, మైక్ ఒకే లైన్ మీద వేస్తే మాత్రం స్పీకర్లలో జుమ్మని మోగుతుంది, వేరు ఫేజ్ అడగాలి. కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకునే లోపు డిజిటల్ మిక్సర్ ఆరిపోతే, అది మళ్లీ లేచేసరికి కవిత సగంలో చచ్చిపోతుంది. మిక్సర్‌కూ రికార్డర్‌కూ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెడితే ఆ బాధ లేదు. జనరేటర్‌ను వంద అడుగుల దూరంలో, గాలి సభ మీదికి వీచని వైపున నిలపాలి. డీజిల్ ఎవరిదో కాగితం మీద రాయించుకోండి, తగాదాలెక్కువగా అక్కడే పుడతాయి.

తేదీని బట్టి ఈ ప్యాకేజీ విలువే మారిపోతుంది. ముహూర్తాల రోజుల్లో మంచి కుర్చీలు, మంచి ఆపరేటర్లు పెళ్లిళ్లకు పోతారు, సభకు మిగిలేది విరిగిన చేతుల కుర్చీలు. ధనుర్మాసం, పుష్యం పెళ్లిళ్లు లేని కాలం, టెంట్ హౌస్ ఖాళీ, బేరం కుదిరేదప్పుడే. అయితే డిసెంబర్ రెండో సగంలో ప్రచురణకర్తలు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో, జనవరి మొదట్లో విజయవాడలో ఉంటారు. ఆ తర్వాత సంక్రాంతి. మాఘం మొదలవగానే దేవుని కడప బ్రహ్మోత్సవాలు వస్తాయి, లాడ్జీలు కష్టం. పెద్ద దర్గా ఉరుసు రోజుల్లోనూ అంతే. అన్నీ తీసేస్తే మిగిలేది సంక్రాంతి దాటాక పుష్య అమావాస్య లోపు వచ్చే శని, ఆదివారాలు. ఎన్ని దొరుకుతాయన్నది ఏడును బట్టి మారుతుంది. నవంబర్ వైపు చూడకండి, ఈశాన్య రుతుపవనాల వానకు నల్లరేగడి నేలలో షామియానా గుంజలు నిలవవు.

పుస్తకాల స్టాళ్లకు ప్యాకేజీ ఇచ్చే బల్లలు చాలు, గుడ్డ నేల దాకా దిగేలా అడగండి, కట్టలు కింద దాచుకోవచ్చు. రాత్రి పుస్తకాలు షామియానా కింద వదిలితే జనవరి మంచుకు అట్టలు ఉబ్బుతాయి. తాళం వేసే గది ఒకటి కావాల్సిందే. ఆర్టీసీ కార్గోలో వచ్చే కట్టలకు మనిషిని ముందే పెట్టుకోండి, బస్టాండ్‌లో రోజులు గడిస్తే అదనంగా కట్టాలి. అమ్మకం మీద కమిషన్ సభ ఖర్చులకు పెద్దగా ఆదుకోదు, స్టాల్ అద్దె అడిగితే చిన్న ప్రచురణకర్త రాడు. ఉచితంగా ఇచ్చి నిలుపుకోవడమే మంచిది.

టిఫిన్ కూడా కలుపుతామంటారు. ఉప్మా అయితే ఒప్పుకోవచ్చు. ఉగ్గాని మాత్రం వంటవాళ్లు అక్కడే ఉండి బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, అప్పటికప్పుడు కలిపితేనే. ఎక్కడో కలిపి డబ్బాల్లో తెస్తే ముద్ద. బజ్జీలైతే మరీ అధ్వానం.

ఇక బిల్లు. ‘ఒక రోజు’ అంటే 24 గంటలా, పొద్దున నుంచి రాత్రి దాకానా అన్నది ముందే తేల్చుకోవాలి. బండి ఖర్చు, హమాలీ విడిగా వస్తాయి. సభ నడిపేది రిజిస్టర్ అయిన సంఘమైతే పక్కా బిల్లే తీసుకోండి, ఆడిట్‌లో చిట్టీలు చెల్లవు. రిజిస్టర్ కాకపోతే, 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. విరాళాలకు ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే అనుమతి (80జీ) ఉన్నా ₹2,000 దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. ఆ ఆశ చూపించి విరాళం అడగకండి. దాతకు పని అప్పజెప్పండి: ఒకరికి కుర్చీలు, ఒకరికి మైక్, ఒకరికి భోజనం. ఆ బిల్లు నేరుగా వాళ్లే కడతారు, ప్యాకేజీని ముక్కలు చేయడంలో ఇదో లాభం. రెండో ఏట సంఘానికి అప్పు మిగలదు.

స్టేజీ బ్యానర్ ఫ్లెక్సీ కాకుండా గుడ్డ మీద, సంవత్సరం లేకుండా రాయించి, అంకెలున్న ముక్కను పిన్నులతో తగిలిస్తే ఐదేళ్లు నడుస్తుంది.

లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి ముందే తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట మైక్ ఆగాల్సిందే. చివరి అంశం తొమ్మిదికే ముగిసేలా వేసుకుంటే సామాను లెక్కకు గంట దొరుకుతుంది. ఆ లెక్క చీకట్లో, అలసిపోయి, రేపు చూద్దామంటే కుదరదు. దిగినప్పుడు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని కుర్చీలు పదేసి దొంతరలు కట్టించి, బల్లగుడ్డలు మడతలు లెక్కబెట్టి, బండివాడి సంతకం తీసుకోవాలి. తగ్గేది ఎప్పుడూ బల్లగుడ్డలే, పుస్తకాల కట్టలకు చుట్టుకుని పోతాయి.